డైఇథైల్‌ట్రిప్టమైన్

డైఇథైల్‌ట్రిప్టమైన్ (సంక్షిప్తంగా డి.ఇ.టి.) ట్రిప్టమైన్ కుటుంబానికి చెందిన ఒక కృత్రిమ భ్రాంతిజనక రసాయనం. దీనిని 1950వ దశకంలో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో స్టీఫెన్ సారా (1923-2021) అనే వైద్య శాస్త్రవేత్త తన మీద ప్రయోగించుకొని, దీని మానసిక ప్రభావాన్ని మొదటిసారిగా లోకానికి తెలియజేశాడు. ఎల్.ఎస్.డి., మెస్కలీన్, డైమిథైల్‌ట్రిప్టమైన్ (డి.ఎం.టి.) వంటి పదార్థాలకు వచ్చిన ప్రసిద్ధి దీనికి రాలేదు. అయినను, ఉన్మాదానికి మూలం మెదడులోని ఏదో ఒక రసాయనమేనా అన్న ప్రశ్నకు సమాధానం వెదికిన కాలంలో ఈ పదార్థం ప్రముఖమైన పాత్ర వహించింది. దీని చుట్టూ అల్లుకున్న ఒక సిద్ధాంతం పరీక్షకు నిలవలేదు. కాని ఆ సిద్ధాంతాన్ని పరీక్షించటానికి తయారు చేసిన ఒక సాధనం మాత్రం నేటికీ పరిశోధనశాలలలో ఉపయోగపడుతున్నది.

పేర్లు

ఈ పదార్థపు పూర్తి రసాయన నామం ఎన్,ఎన్-డైఇథైల్‌ట్రిప్టమైన్. పేరులోని 'ఎన్' అక్షరం నత్రజనికి సంకేతం. నత్రజని పరమాణువుకు రెండు ఇథైల్ సమూహాలు అతుక్కొని ఉన్నాయని ఈ పేరు సూచిస్తుంది. తొలి హంగేరీ పరిశోధనలలో దీనికి 'టి-9' అనే గుర్తు కూడా వాడారు. అంతర్జాతీయ ఒప్పందాలలోను, భారత దేశ చట్టంలోను డి.ఇ.టి. అనే సంక్షిప్త నామమే కనిపిస్తుంది.

రసాయన నిర్మాణం

డి.ఇ.టి. అణువులో 14 కర్బన పరమాణువులు, 20 ఉదజని పరమాణువులు, 2 నత్రజని పరమాణువులు ఉన్నాయి. దీని అణుభారం సుమారు 216.3. ఈ అణువును మూడు భాగాలుగా ఊహించుకోవచ్చును:

* ఇండోల్ చట్రం - ఆరు భుజాల వలయం, ఐదు భుజాల వలయం ఒక అంచు వద్ద కలిసి ఏర్పడిన జంట వలయం.
* తోక - ఈ చట్రం నుండి బయటకు సాగే రెండు కర్బనాల గొలుసు.
* కొస - ఆ తోక చివరనున్న నత్రజని, దానికి అతుక్కున్న రెండు ఇథైల్ సమూహాలు.

ఇండోల్ చట్రం, రెండు కర్బనాల తోక మానవ శరీరానికి కొత్తవి కావు. పప్పులు, పాలు, గుడ్లు మొదలైన ఆహార పదార్థాల నుండి లభించే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో ఇవి ఉన్నాయి. దాని నుండి శరీరం తయారు చేసుకునే సెరటోనిన్, మెలటోనిన్ అనే రసాయనాలలోనూ ఇవే ఉన్నాయి. సెరటోనిన్ నాడీకణాల మధ్య వార్తలు చేరవేసే రసాయనాలలో ఒకటి. డి.ఇ.టి. దానికి దగ్గరి పోలిక గల అణువు కావటం వలననే మెదడు మీద పని చేయగలుగుతున్నది.

ఇండోల్ చట్రంలోని స్థానాలకు వరుస సంఖ్యలు ఇవ్వటం రసాయన శాస్త్రంలో ఆనవాయితీ. తోక అతుక్కొని ఉన్నది 3వ స్థానం. సెరటోనిన్‌లో 5వ స్థానం వద్ద ఒక హైడ్రాక్సీ సమూహం ఉంటుంది. డి.ఇ.టి.లో అది లేదు. ఈ చరిత్రలో తరువాత వచ్చే వివాదమంతా 6వ స్థానానికి సంబంధించినది కనుక ఈ సంఖ్యలను గుర్తుంచుకోవటం మంచిది.

డి.ఎం.టి. కొన్ని మొక్కలలో సహజంగా లభిస్తుంది. డి.ఇ.టి. మాత్రం పరిశోధనశాలలో తయారైన పదార్థం.

నేపథ్యం

1943లో స్విట్జర్లాండు దేశపు సాండోజ్ సంస్థలో పని చేస్తున్న ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్.ఎస్.డి. మానసిక ప్రభావాన్ని కనుగొన్నాడు. ఒక గ్రాములో పదివేలవ వంతు పరిమాణమే మనిషి మనస్సును కొన్ని గంటల పాటు తలక్రిందులు చేయగలదని తేలినప్పుడు మానసిక వైద్యులకు ఒక ఆశ కలిగింది. ఇంత కొద్దిపాటి రసాయనం తాత్కాలికంగా మతి చలింపజేయగలిగితే, స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులకు కూడా శరీరంలోనే పుట్టే అటువంటి రసాయనమేదో కారణమై ఉండవచ్చునని వారు తలపోశారు. ఆ రసాయనం దొరికితే దానికి విరుగుడు కూడా దొరుకుతుంది. దశాబ్దాల తరబడి ఆసుపత్రి గోడల మధ్య మగ్గుతున్న లక్షలాది రోగులకు విముక్తి కలుగుతుంది.

ఈ ఆశకు అప్పటి పరిశోధనలు ఊతమిచ్చాయి. 1952లో హంఫ్రీ ఆస్మండ్, జాన్ స్మైథీస్ అనే వైద్యులు మెస్కలీన్‌ను పోలిన పదార్థం శరీరంలో తయారుకావటం స్కిజోఫ్రీనియాకు కారణం కావచ్చునని ప్రతిపాదించారు. 1954లో అమెరికాలో డి. డబ్ల్యు. వూలీ, ఇ. షా అనే శాస్త్రవేత్తలు మానసిక వ్యాధులకు, సెరటోనిన్ హెచ్చుతగ్గులకు సంబంధం ఉండవచ్చునని వ్రాశారు. ఆరోగ్యవంతునిలో మందు ద్వారా కొద్ది గంటల పాటు కలుగజేసే మతిభ్రమణను 'నమూనా ఉన్మాదం' అని పిలువసాగారు.

సారా ప్రయోగాలు

స్టీఫెన్ సారా వైద్యము, రసాయన శాస్త్రము రెండూ అభ్యసించినవాడు. బుడాపెస్ట్ నగరంలో లిపోట్‌మెజో అనే చోట ఉన్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో పరిశోధన చేసేవాడు. అతను ఎల్.ఎస్.డి. కోసం సాండోజ్ సంస్థకు లేఖ వ్రాశాడు. హంగేరీ అప్పుడు సోవియట్ కూటమిలో ఉన్న కమ్యూనిస్టు దేశం కావటం వలన ఆ సంస్థ అందుకు నిరాకరించింది.

దానితో సారా వేరొక దారి వెదికాడు. దక్షిణ అమెరికాలోని ఆదిమ తెగలవారు నస్యంగా పీల్చే ఒక చెట్టు గింజలలో డి.ఎం.టి. ఉన్నదని 1955లో ఫిష్, జాన్సన్, హార్నింగ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. డి.ఎం.టి.ని కెనడా రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ మాన్‌స్కే 1931లోనే తయారు చేసినప్పటికీ అది మనస్సుపై పని చేస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. సారా దానిని స్వయంగా తయారు చేసి, మొదట నోటి ద్వారా తీసుకొని చూశాడు. ఫలితం కనిపించలేదు. 1956 ఏప్రిల్‌లో కండరంలోకి సూదిమందుగా తీసుకున్నప్పుడు కొద్ది నిమిషాలలోనే కళ్ళ ముందు రంగురంగుల ఆకృతులు కదలాడటం మొదలైంది. ఆ తరువాత తోటి వైద్యులు కూడా స్వచ్ఛందంగా ఈ పరీక్షలో పాల్గొన్నారు.

డి.ఎం.టి. ప్రభావం గంటలోపే ముగుస్తుంది. అణువులోని మిథైల్ సమూహాల స్థానంలో కొంచెం పెద్దవైన ఇథైల్ సమూహాలను పెట్టినప్పుడు ఏమవుతుందో చూడటానికి సారా డి.ఇ.టి.ని పరీక్షించాడు. ప్రభావం కొంచెం నెమ్మదిగా మొదలై, రెండు మూడు గంటలు నిలిచింది. వైద్యుడు రోగితో మాట్లాడి, అతని స్థితిని గమనించి, వ్రాసుకోవటానికి ఈ వ్యవధి అనువైనది. 1957 మే నెలలో ఇటలీలోని మిలాన్ నగరంలో మానసిక ఔషధాలపై జరిగిన సదస్సుకు సమర్పించిన పత్రంలో అతను ఈ ట్రిప్టమైన్ల ప్రభావాన్ని మెస్కలీన్, ఎల్.ఎస్.డి. ప్రభావాలతో పోల్చాడు.

బుడాపెస్ట్ పరిశోధనలు

1956 అక్టోబరులో హంగేరీలో సోవియట్ ఆధిపత్యానికి వ్యతిరేకంగా తిరుగుబాటు జరిగింది. దానిని సోవియట్ సైన్యం అణచివేసిన తరువాత దేశం విడిచి వెళ్ళిన సుమారు రెండు లక్షల మందిలో సారా కూడా ఒకడు. అతను వెళ్ళిపోయిన తరువాత కూడా బుడాపెస్ట్‌లో పరిశోధన ఆగలేదు.

జోల్టాన్ బోసోర్మెన్యి అనే మానసిక వైద్యుడు, అతని సహచరులు డేర్, నాగీ ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు, రోగులకు డి.ఇ.టి. ఇచ్చి, తమ పరిశీలనలను 1959లో ఇంగ్లండు నుండి వెలువడే మానసిక వైద్య పత్రికలో ప్రచురించారు. డి.ఇ.టి. గురించి వివరంగా వెలువడిన తొలి వైద్య నివేదికలలో ఇది ముఖ్యమైనది.

బోసోర్మెన్యి గమనించిన మరొక విషయం ఆసక్తికరమైనది. ప్రయోగం ముగిసిన తరువాత కొందరిలో వ్రాయాలని, చిత్రాలు గీయాలని కోరిక బలంగా కలిగింది. నమూనా ఉన్మాదం తరువాత కలిగే ఈ సృజనాభిలాష గురించి అతను 1960లో ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాశాడు. ఉన్మాదానికి నమూనాగా ఎంచుకున్న పదార్థమే మనిషికి మేలు చేసే అనుభవాన్ని కూడా ఇవ్వవచ్చునన్న ఆలోచనకు ఇటువంటి పరిశీలనలు తావిచ్చాయి. లిపోట్‌మెజో చికిత్సాలయాన్ని హంగేరీ ప్రభుత్వం 2007లో మూసివేసింది.

ఆరవ స్థానం సిద్ధాంతం

అమెరికా చేరిన సారా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేరి, వాషింగ్టన్ నగరంలోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో పరిశోధన సాగించాడు. అక్కడ అతనికి జూలియస్ ఏక్సెల్‌రాడ్ అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి పని చేసే అవకాశం లభించింది. ఏక్సెల్‌రాడ్‌కు తరువాత 1970లో వైద్య శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. శరీరంలో ప్రవేశించిన డి.ఎం.టి.కి 6వ స్థానం వద్ద ఒక హైడ్రాక్సీ సమూహం చేరుతున్నదని వీరిద్దరూ 1959లో చూపారు. డి.ఇ.టి. విషయంలోనూ ఇదే మార్పు జరుగుతుంది.

దీని ఆధారంగా సారా ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రకారం మనస్సుపై పని చేసేది డి.ఇ.టి. కాదు. శరీరం దాని నుండి తయారు చేసే 6-హైడ్రాక్సీ ఉత్పన్నమే అసలు భ్రాంతిజనకం. 1962లో ఇ. హెర్స్ట్‌తో కలిసి ప్రచురించిన పత్రంలో ఈ వాదాన్ని అతను విస్తరించాడు. ఈ సిద్ధాంతం నిజమైతే దాని పర్యవసానం చిన్నది కాదు. 6వ స్థానానికి హైడ్రాక్సీ సమూహాన్ని చేర్చే చర్య కొందరిలో అతిగా జరగటమే ఉన్మాదానికి కారణం కావచ్చును. అప్పుడు ఆ చర్యను అడ్డగించే మందు ఉన్మాదానికి చికిత్స అవుతుంది. 1961లో ఏక్సెల్‌రాడ్ కుందేలు ఊపిరితిత్తులలో, శరీరంలో సహజంగా ఉండే పదార్థాల నుండి డి.ఎం.టి. వంటి వాటిని తయారు చేయగల ఎంజైమును కనుగొనటంతో ఈ ఆశ మరింత బలపడింది.

ఫ్లోరిన్ పరీక్ష

సిద్ధాంతాన్ని పరీక్షించటానికి సారా, ఏ. కలీర్ కలిసి ఒక చక్కని ఉపాయం పన్నారు. 6వ స్థానంలోని ఉదజని పరమాణువును తొలగించి ఫ్లోరిన్ పరమాణువును పెట్టారు. కర్బనాన్ని ఫ్లోరిన్ గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక అక్కడ హైడ్రాక్సీ సమూహం చేరటానికి చోటుండదు. ఈ కొత్త పదార్థమే 6-ఫ్లోరో-డి.ఇ.టి. దీని వివరాలు 1963లో వెలువడ్డాయి.

మనుషులకు ఇచ్చి చూసినప్పుడు ఈ పదార్థం డి.ఇ.టి. లాగానే శారీరక లక్షణాలు కలిగించింది గాని, భ్రాంతులు కలిగించలేదు. సారా సిద్ధాంతానికి ఇది నిదర్శనంగా కనిపించింది. 1967లో ఫైలేస్, వూర్లెకిస్, సారా కలిసి ప్రచురించిన అధ్యయనంలో ఈ పదార్థాన్ని పోలిక కోసం వాడారు. సాధారణంగా మందు పరీక్షలలో పోలికకు చక్కెర బిళ్ళ వంటి ఉత్తుత్తి మందును ఇస్తారు. భ్రాంతిజనకాల విషయంలో అది పనికిరాదు. ఏ మార్పూ లేకపోతే తనకు వచ్చింది ఉత్తుత్తి మందేనని మనిషి వెంటనే గ్రహిస్తాడు. శరీరంలో మార్పులు తెస్తూ మనస్సును మాత్రం కదిలించని 6-ఫ్లోరో-డి.ఇ.టి. ఈ చిక్కును చాలావరకు తీర్చింది.

సిద్ధాంతం వీగిపోవటం

6-హైడ్రాక్సీ ఉత్పన్నమే అసలు మందు అయితే, దానిని నేరుగా ఇచ్చినా భ్రాంతులు కలగాలి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ నగరపు వ్యసన పరిశోధన కేంద్రంలో రోజెన్‌బర్గ్, ఇస్‌బెల్, మైనర్ అనే పరిశోధకులు ఈ పరీక్ష చేసి 1963లో ఫలితాలు ప్రకటించారు. డి.ఎం.టి., దాని 6-హైడ్రాక్సీ ఉత్పన్నం, ఉత్తుత్తి మందు - ఈ మూడింటినీ పోల్చి చూశారు. డి.ఎం.టి. ఎప్పటి వలె పని చేసింది. 6-హైడ్రాక్సీ ఉత్పన్నానికి, ఉత్తుత్తి మందుకు తేడా కనిపించలేదు.

ఈ కేంద్రంలో ప్రయోగాలకు లోబడినవారు మాదకద్రవ్య వ్యసనం గల ఖైదీలు. అక్కడి ప్రయోగాలలో పాల్గొన్న ఖైదీలకు ప్రతిఫలంగా మాదకద్రవ్యాలు ఇచ్చిన సంగతి 1975లో అమెరికా సెనేట్ విచారణలో చర్చకు వచ్చి తీవ్ర విమర్శలకు గురైంది. నిర్బంధంలో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతికి ఎంత విలువ ఉన్నదనే ప్రశ్న ఆనాటి భ్రాంతిజనక పరిశోధనలను నేటికీ వెన్నాడుతున్నది.

నమూనా ఉన్మాదం అనే భావన కూడా క్రమంగా బలహీనపడింది. మందు వలన కలిగే భ్రాంతులు ఎక్కువగా కంటికి కనిపించేవి. స్కిజోఫ్రీనియా రోగులకు ఎక్కువగా వినిపించేవి కంఠస్వరాలు. మందు తీసుకున్న వ్యక్తికి ఇదంతా మందు ప్రభావమన్న ఎరుక చాలావరకు ఉంటుంది. రోగికి ఆ ఎరుక తరచుగా ఉండదు. లియో హోలిస్టర్ 1962లో ఈ రెండు స్థితులను విమర్శనాత్మకంగా పోల్చి, రెండూ ఒకటి కావని వాదించాడు.

ఔషధ క్రియ

మరి డి.ఇ.టి. ఎలా పని చేస్తుంది? దీనికి సమాధానం గ్రాహకాల పరిశోధనతో లభించింది. నాడీకణాల ఉపరితలంపై సెరటోనిన్‌ను పట్టుకునే ప్రోటీన్లను సెరటోనిన్ గ్రాహకాలు అంటారు. తాళంచెవికి తాళం ఎటువంటిదో సెరటోనిన్‌కు గ్రాహకం అటువంటిది. వీటిలో పదికి పైగా రకాలు ఉన్నాయి. 1984లో రిచర్డ్ గ్లెన్నన్, అతని సహచరులు భ్రాంతిజనకాల బలానికి, అవి 5-హెచ్‌టి2 అనే తరగతి గ్రాహకాలకు అంటుకునే శక్తికి సూటియైన సంబంధం ఉన్నదని చూపారు. ఆ తరగతిలో 5-హెచ్‌టి2ఎ అనే రకం ముఖ్యమైనదని తరువాత తేలింది. 1998లో స్విట్జర్లాండులో ఫ్రాంజ్ ఫోలెన్‌వైడర్ బృందం ఈ గ్రాహకాన్ని అడ్డగించే కెటాన్‌సెరిన్ అనే మందును ముందుగా ఇస్తే సైలోసైబిన్ వలన భ్రాంతులు కలగవని మనుషులలో నిరూపించింది.

డి.ఇ.టి. కూడా ఇదే మార్గంలో పని చేస్తుంది. ఇది 5-హెచ్‌టి2ఎ గ్రాహకాలతో పాటు 5-హెచ్‌టి1ఎ వంటి ఇతర సెరటోనిన్ గ్రాహకాలకు కూడా అంటుకుంటుంది. అంటే పని చేసేది డి.ఇ.టి. అణువే. 6వ స్థానంలో హైడ్రాక్సీ సమూహం చేరటం శరీరం ఆ పదార్థాన్ని బయటకు పంపించే క్రమంలో ఒక మెట్టు మాత్రమే.

ప్రభావాలు

తొలి అధ్యయనాలలో డి.ఇ.టి.ని సాధారణంగా కండరంలోకి సూదిమందుగా ఇచ్చారు. వాటిలో నమోదైన ముఖ్య లక్షణాలు:

* శారీరకం - కంటిపాపలు పెద్దవి కావటం, రక్తపోటు, నాడి వేగం పెరగటం, వణుకు, వికారం, చెమటలు.
* దృష్టి సంబంధమైనవి - రంగులు ప్రకాశవంతంగా కనిపించటం, కళ్ళు మూసుకున్నప్పుడు కదిలే ఆకృతులు, వస్తువుల రూపం మారినట్లు తోచటం.
* మానసికం - కాలగమనం మారినట్లు అనిపించటం, తన శరీరం తనది కానట్లు తోచటం, ఆనందం లేదా తీవ్ర భయం.

ప్రమాదాలు

డి.ఇ.టి.కి ఏ దేశంలోనూ ఆమోదం పొందిన వైద్య ఉపయోగం లేదు. దీర్ఘకాలిక ప్రభావాలపై ఆధునిక అధ్యయనాలు దాదాపు లేవు. స్కిజోఫ్రీనియా గాని, అటువంటి ఇతర మానసిక వ్యాధి గాని ఉన్నవారికి, కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారికి భ్రాంతిజనకాలు ప్రత్యేకంగా హానికరం. రక్తపోటు, గుండె జబ్బులు ఉన్నవారికి కూడా ప్రమాదం ఎక్కువ. దిగులుకు వాడే మందులలో మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమును నిరోధించే రకం మందులతో ఇటువంటి ట్రిప్టమైన్లు కలిస్తే వాటి ప్రభావం విపరీతంగా పెరిగే అవకాశం ఉన్నది. దొంగచాటుగా అమ్మే పొడులలో నిజంగా ఏమి ఉన్నదో పరీక్షిస్తే గాని తెలియకపోవటం మరొక ముప్పు.

సంబంధిత పదార్థాలు

డి.ఇ.టి. అణువులో 4వ స్థానం వద్ద హైడ్రాక్సీ సమూహం ఉంటే దానిని 4-హైడ్రాక్సీ-డి.ఇ.టి. అంటారు. దీనిని సాండోజ్ సంస్థలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ బృందం 1950వ దశకం చివరలో తయారు చేసింది. అక్కడి గుర్తు సి.జడ్.-74. జర్మనీలోని గోటింగెన్‌లో హాన్స్‌కార్ల్ లాయినర్ 1960వ దశకంలో దీనిని మానసిక చికిత్సలో పరీక్షించాడు.

1989లో జర్మనీ శాస్త్రవేత్త యోఖెన్ గార్ట్జ్ ఒక విచిత్రమైన సంగతిని ప్రకటించాడు. సైలోసైబ్ జాతి పుట్టగొడుగులను డి.ఇ.టి. కలిపిన మాధ్యమంలో పెంచినప్పుడు, అవి తమలో సహజంగా తయారయ్యే సైలోసిన్‌కు బదులుగా 4-హైడ్రాక్సీ-డి.ఇ.టి.ని తయారు చేశాయి. ప్రకృతిలో ఎన్నడూ ఎదురుకాని పదార్థాన్ని కూడా శిలీంధ్రపు ఎంజైము తన ముడిసరుకుగా స్వీకరించిందన్న మాట.

అలెగ్జాండర్ షుల్గిన్, ఆన్ షుల్గిన్ దంపతులు 1997లో ప్రచురించిన 'టిహ్‌కాల్' అనే గ్రంథంలో వర్ణించిన 55 ట్రిప్టమైన్లలో డి.ఇ.టి. మూడవది.

చట్టం

1960వ దశకంలో అమెరికా, ఐరోపా యువతలో భ్రాంతిజనకాల వాడకం పెరగటంతో ప్రభుత్వాలు వీటిని నిషేధించసాగాయి. అమెరికాలో 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టంలో డి.ఇ.టి.ని మొదటి షెడ్యూలులో చేర్చారు. 1971 ఫిబ్రవరి 21న వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్య సమితి మనోప్రభావక పదార్థాల ఒప్పందంలో కూడా ఇది మొదటి షెడ్యూలులోనే ఉన్నది. ఈ షెడ్యూలులోని పదార్థాలను ప్రభుత్వ నియంత్రణలో, అనుమతి పొందినవారు శాస్త్రీయ అవసరాలకు, అతి పరిమితమైన వైద్య అవసరాలకు మాత్రమే వాడవచ్చును.

భారత దేశంలో 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టం (ఎన్.డి.పి.ఎస్. చట్టం) షెడ్యూలులోని మనోప్రభావక పదార్థాల జాబితా డి.ఇ.టి.తోనే మొదలవుతుంది. ఈ చట్టం ప్రకారం వైద్య, శాస్త్రీయ అవసరాలకు నిర్దేశించిన పద్ధతిలో తప్ప దీనిని తయారు చేయటం, కలిగి ఉండటం, అమ్మటం, కొనటం, వాడటం నేరాలు. వాణిజ్య పరిమాణంలో పట్టుబడితే 22వ సెక్షను క్రింద పది నుండి ఇరవై సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, లక్ష నుండి రెండు లక్షల రూపాయల జరిమానా విధించవచ్చును.

ఈ నియంత్రణల తరువాత డి.ఇ.టి.పై మానవ ప్రయోగాలు దాదాపుగా నిలిచిపోయాయి. బోసోర్మెన్యి గమనించిన చికిత్సాపరమైన అవకాశాలు నిజమైనవా కావా అన్నది తేలక ముందే ఆ పరిశోధన ఆగిపోయింది. సారా తరువాతి కాలంలో అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థలో ఉన్నత పదవి నిర్వహించాడు.

నేటి ప్రాధాన్యత

21వ శతాబ్దంలో సైలోసైబిన్ వంటి పదార్థాలను దిగులుకు చికిత్సగా పరీక్షించటం మొదలైన తరువాత ఒక కొత్త ప్రశ్న ముందుకు వచ్చింది. భ్రాంతులు కలగకుండా మేలు మాత్రమే కలిగించే మందు సాధ్యమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకటంలో, 5-హెచ్‌టి2ఎ గ్రాహకానికి అంటుకున్నా భ్రాంతులు కలిగించని పదార్థాలు పోలికకు అవసరమయ్యాయి. 2021లో 'సెల్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) శాస్త్రవేత్తలు భ్రాంతిజనకాలను గుర్తించటానికి 'సైక్‌లైట్' అనే మెరిసే ప్రోటీన్ సాధనాన్ని రూపొందించారు. అందులో భ్రాంతులు కలిగించని నమూనాలలో ఒకటిగా 6-ఫ్లోరో-డి.ఇ.టి.ని వాడారు. వీగిపోయిన సిద్ధాంతాన్ని పరీక్షించటానికి 1960వ దశకంలో పుట్టిన అణువు, దాదాపు అరవై సంవత్సరాల తరువాత ఈ విధంగా మరొక ప్రశ్నకు కొలమానంగా మారింది.

ఇవి కూడా చూడండి

* సెరటోనిన్
* డైమిథైల్‌ట్రిప్టమైన్
* ఎల్.ఎస్.డి.
* సైలోసైబిన్
* స్కిజోఫ్రీనియా
* జూలియస్ ఏక్సెల్‌రాడ్